ఆర్జినిన్‌ను తిన్నదెవరు? నీలి నాలుక వైరస్ ప్రయోగంలో ఒక కేసు

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో పలమనేరు, పుంగనూరు వైపు గొర్రెల మందల్లో మూతి వాపు కనిపిస్తుంది. జ్వరం, ముక్కు వెంట చీమిడి, పెదాలు ఉబ్బడం, నోట్లో పుండ్లు, గిట్టల పైన ఎర్రటి చార, కొన్నిటికి నాలుక నీలంగా మారడం. పుస్తకాల్లో దీని పేరు నీలి నాలుక వ్యాధి, బ్లూటంగ్. మేపుకునేవాళ్ళు మాత్రం 'జీవాలకు మూతి వాచింది' అంటారు. గొర్రె నుంచి గొర్రెకు దాన్ని మోసేది క్యూలికాయిడిస్ అనే నుసుమంత పురుగు. రక్తం పీల్చి బతుకుతుంది, తడి పేడలో, బురదలో పెరుగుతుంది. వాన వెనకే జబ్బు రావడానికి కారణం అదే.

నేను అణు జీవశాస్త్రం చదువుకున్నదాన్ని. తిరుపతిలో ఒక చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. ఈ వైరస్ కణంలో దూరాక కణం తిండి లెక్క ఎలా మారుతుంది, ఆ మార్పును కణం తనలో తాను ఏ సంకేతాలతో చెప్పుకుంటుంది, వైరస్ ఆ సంకేతాలను ఎలా వాడుకుంటుంది అన్నది మా పని. ఆ పనిలో ఎనిమిది నెలలు మమ్మల్ని దారి తప్పించిన కేసు ఇది. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, స్విమ్స్, ఐసర్ అన్నీ ఒకే ఊళ్ళో ఉన్నాయి కాబట్టి, కణాలు పెంచే పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికైనా ఇదే ముడి పడితే త్వరగా విప్పుకోవాలని, మేము తప్పు చేసిన చోట్లు దాచకుండా మొత్తం వరసగా రాస్తున్నాను.

వచ్చిన సమస్య

మా పరిశోధక విద్యార్థిని పలమనేరు పక్క పల్లె అమ్మాయి. ఇంట్లో జీవాలున్నాయి. మా వైరస్ కూడా ఆ చుట్టుపక్కల ఒక మందలోని గొర్రె రక్తం నుంచి తీసిందే. పశువైద్యులు జాగ్రత్తగా రక్తం తీసి ఐసు పెట్టెలో పంపారు. అందుకే ఆ వైరస్ మీద ఆ అమ్మాయికి ఒక రకమైన బాధ్యత.

ప్రయోగం సూటిగానే ఉంది. బీహెచ్‌కే-21 కణాలు తీసుకున్నాం. 1961లో గ్లాస్గోలో హ్యామ్‌స్టర్ (ఎలుక లాంటి చిన్న జంతువు) పిల్లల మూత్రపిండం నుంచి తీసిన కణాలివి. గాలికుంటు టీకా తయారీలో ఇప్పటికీ వాడుతున్నారు, నీలి నాలుక వైరస్ వీటిలో బాగా పెరుగుతుంది. ఆరు వెల్‌ల (చిన్న గుంటల) ప్లేటులో సగం వెల్‌లకు వైరస్ వేసి, సగానికి ఉత్త మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) వేసి, 12, 24, 36, 48 గంటలకు కణాలను కరిగించి వెస్టర్న్ బ్లాట్ (ఒక్కో ప్రొటీన్‌ను బ్యాండ్‌గా, అంటే ఒక గీతగా చూపే పరీక్ష) చేయడం. చూడాల్సినవి రెండు: ఎంటార్ అనే కైనేజ్ (ఫాస్ఫేట్ అతికించే ఎంజైమ్) పనిచేస్తోందా, ఏఎంపీకే అనే కైనేజ్ మేలుకుందా.

ఈ రెండింటి గురించి కొంచెం చెప్పాలి. ఎంటార్ అంటే ఇంట్లో బియ్యం డబ్బా, పప్పు డబ్బా మూత తీసి చూసి, అన్నీ ఉన్నాయంటేనే పెద్ద పొయ్యి వెలిగించే ఇల్లాలు. అమైనో ఆమ్లాలు ఉన్నాయా, ఇన్సులిన్ లాంటి కబురు వచ్చిందా చూసుకుని, ప్రొటీన్ల తయారీ మొదలుపెట్టమని చెబుతుంది. ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన ర్యాపమైసిన్ అనే మందు దేన్ని పట్టుకుని ఆపుతుందో వెతుకుతూ 1994లో క్షీరదాల కణాల్లో దీన్ని కనుక్కున్నారు. ఎంటార్ పనిలో ఉంటే దాని కింది ఎస్6 కైనేజ్‌లో 389వ స్థానంలోని థ్రియోనిన్‌కు ఒక ఫాస్ఫేట్ అతుకుతుంది. బ్లాట్ మీద మనం చూసేది ఆ గుర్తునే.

ఏఎంపీకే ఖర్చుల లెక్క చూసేది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ తగ్గి, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరిగితే మేలుకుని, పొదుపు చేయమంటుంది. ఏటీపీ పేరు ఎత్తినప్పుడల్లా పిల్లలకు యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి చెప్పకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన మనిషి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్పరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా ఏటీపీని పట్టుకున్నారు. ఫాస్పరస్ ఎంత ఉంటే అంత నీలం వచ్చే ఆ పరీక్షను మా దగ్గర కొత్తగా చేరిన ప్రతి ఒక్కరితో ఒకసారి చేయిస్తాను. రంగును కళ్ళతో చదవడం అలవాటు కావాలని. ఈ కేసులో చివరికి మమ్మల్ని ఆదుకున్నది ఆ అలవాటే, ఆలస్యంగానైనా.

బ్లాట్‌లో వచ్చింది ఇది: వైరస్ వేసిన వెల్‌లలో 36 గంటలకు ఎస్6 కైనేజ్ బ్యాండ్ బాగా తగ్గింది, 48 గంటలకు దాదాపు మాయమైంది. ఉత్త మీడియం వేసిన వెల్‌లలో బ్యాండ్ నిండుగా ఉంది. ఏఎంపీకే బ్యాండ్ వైరస్ వైపు పెరిగింది. ఏఎంపీకే సంగతి ఆశ్చర్యం కాదు. నీలి నాలుక వైరస్ కణం శక్తి లెక్కను దెబ్బతీసి, ఏఎంపీకే ద్వారా కణాన్ని తన భాగాలు తానే తినే స్థితికి నెడుతుందని ఇతర ల్యాబులు ముందే చూపించాయి. ఎంటార్ ఇంత గట్టిగా, ఇంత శుభ్రంగా పడిపోవడమే కొత్త. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అదే.

మొదటి నిర్ధారణ, అది ఎందుకు నమ్మదగ్గదిగా అనిపించింది

ఎంటార్ పడిపోయిందంటే ఏదో సరుకు తగ్గి ఉండాలి. ఏది తగ్గింది? అమ్మాయి 24 గంటల దగ్గర వైరస్ వెల్‌లకు ఒక్కొక్కటే కలిపి చూసింది. గ్లూకోజ్ కలిపితే బ్యాండ్ రాలేదు. లూసిన్ అనే అమైనో ఆమ్లం కలిపితే రాలేదు. గ్లూటమిన్ కలిపినా అంతే. ఆర్జినిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం కలపగానే 48 గంటల బ్యాండ్ తిరిగి వచ్చింది.

ఆ రోజు ల్యాబులో పండగే. కణంలో ఆర్జినిన్ ఉందో లేదో పసిగట్టే కాస్టర్1 అనే ప్రొటీన్‌ను 2016లో గుర్తించారు. ఆర్జినిన్ లేకపోతే అది ఎంటార్ దారికి అడ్డుపడుతుంది. అంటే మా వైరస్ కణంలోని ఆర్జినిన్‌ను ఖాళీ చేసి, కాస్టర్1 ద్వారా ఎంటార్‌ను ఆపుతోందన్నమాట. కథ కుదిరింది. ప్రతి అడుగుకూ పక్కన ఒక బ్లాట్ ఉంది.

ఇంకో పరీక్ష కూడా చేశాం. వైరస్ స్టాక్‌ను (పెంచి దాచుకున్న వైరస్ ద్రవాన్ని) అతినీలలోహిత కాంతి కింద పెట్టి చంపి, చచ్చిన వైరస్‌ను వేశాం. ఎంటార్ పడిపోలేదు. వైరస్ బతికి పెరిగితేనే ఈ ప్రభావం ఉందని దానికి అర్థం చెప్పుకున్నాం. హైదరాబాద్‌లో జరగబోయే ఒక సమావేశానికి పోస్టర్ సారాంశం పంపాం. వాళ్ళు ఒప్పుకున్నారు.

ఆ అతినీలలోహిత పరీక్ష మీద ఇప్పటికీ నా మనసు ఆగుతుంది. కంట్రోల్ అనేది మనం అనుకున్న ఒక్క కారణాన్నే తీసేయాలి. ఆ దీపం కింద చచ్చేది వైరస్ ఒక్కటేనా అని నేను అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న నేనే అడగకపోతే, మూడో ఏడు చదివే పిల్లకు ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి అనుమానం ఆ అమ్మాయిదే

పోస్టర్‌కు బొమ్మలు తయారు చేస్తున్నప్పుడు ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఒకసారి చూస్తారా? ఏందో తేడాగా ఉండాది."

వైరస్ ప్రొటీన్ వీపీ7 బ్లాట్, ఎస్6 కైనేజ్ బ్లాట్ పక్కపక్కన పెట్టింది. వైరస్‌ను పది రెట్లు, వంద రెట్లు పలచన చేసి వేసిన వెల్‌లు అవి. పలచన చేసినకొద్దీ వీపీ7 తగ్గుతూ వచ్చింది. వంద రెట్ల దగ్గర బ్యాండ్ కనీకనపడనట్టు ఉంది. ఎస్6 కైనేజ్ మాత్రం 48 గంటలకు అన్నిటిలోనూ దాదాపు ఒకేలా పడిపోయింది.

"వైరస్ ఇంత తక్కువ ఉన్న చోట కూడా ఎంటార్ ఎందుకు పడుతుంది మేడమ్? మిగతా కణాలకు అసలు వైరస్ సోకనే లేదు కదా."

సోకిన కణాలు ఏదో విడుదల చేసి పక్క కణాలను కూడా మారుస్తున్నాయేమో అన్నాను. అది అబద్ధం కాదు, ఇంటర్‌ఫెరాన్ లాంటివి అలాగే చేస్తాయి. కానీ ఆ మాట నా కథను కాపాడుకోవడానికి అన్నది. ఆ అమ్మాయి తలూపి వెళ్ళిపోయింది. మొహంలో ఒప్పుకోలు లేదు. మరుసటి రోజు పొద్దున నేనే పిలిచి, "ఏమ్మా, నిన్నటి ప్లేటు పారేశావా?" అని అడిగాను. పారేయలేదు.

రంగు

కణాల మీడియంలో ఫినాల్ రెడ్ అనే రంగు ఉంటుంది. కణాలు గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మార్చి బయటికి వదులుతాయి, మీడియం పులుస్తుంది, ఎర్రటి రంగు నారింజకు, తర్వాత పసుపుకు తిరుగుతుంది. రోజూ ఫ్లాస్కులు చూసేవాళ్ళకు అది గడియారం లాంటిది. కణాలు నిండాయి, మీడియం మార్చాలి అని రంగే చెబుతుంది.

ఆ ప్లేటును కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. ఉత్త మీడియం వేసిన వెల్‌లు నారింజ పసుపులో ఉన్నాయి, ఉండాల్సినట్టే. వైరస్ వేసిన వెల్‌లు ఎర్రగానే ఉన్నాయి. వాటిలో రెండు వెల్‌లలో అంచుల దగ్గర సన్నటి గులాబీ ఛాయ కూడా ఉంది. కణాలు చచ్చిపోతే గ్లూకోజ్ తినేవి తగ్గి మీడియం పుల్లబడదు, నిజమే. కానీ వంద రెట్లు పలచన చేసిన వెల్‌లో కణాలు చావలేదు. నిండుగా ఉన్నాయి, అయినా మీడియం ఎర్రగా ఉంది. నిండు కణాలున్న వెల్‌లో మీడియం పులవలేదంటే ఎవరో క్షారం పోస్తున్నారు.

ఈ రంగు మూడు నెలలుగా మా కళ్ళ ముందే ఉంది. బ్లాట్ ఫలితం కోసం తొందరలో, మీడియంను పీల్చి పారేసి కణాలను కరిగించడం అలవాటైపోయింది.

పీహెచ్‌లో చిన్న తేడా పెద్ద దారి తెరిచిన ఉదాహరణ మా రంగంలో ఒకటుంది. 1979లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో టోనీ హంటర్ పాలియోమా వైరస్ ప్రొటీన్ మీద పనిచేస్తూ, ఫాస్ఫేట్ అతికిన అమైనో ఆమ్లాలను విద్యుత్తుతో విడదీస్తున్నారు. బఫర్ పాతబడి, పీహెచ్ 1.9 ఉండాల్సింది 1.7కు దిగింది. దాంతో మామూలుగా కలిసిపోయే రెండు చుక్కలు విడిపోయి, అంతవరకు ఎవరూ చూడని ఫాస్ఫోటైరోసిన్ బయటపడింది. క్యాన్సర్ మందుల్లో ఒక పెద్ద కుటుంబం ఆ చుక్క మీద నిలబడి ఉంది. ఆయన ఆ చుక్కను పట్టించుకున్నారు. మా రంగును నేను పట్టించుకోలేదు. ఆ ఒక్క తేడానే ఇప్పటికీ పిల్లలకు చెబుతుంటాను.

సిట్రులిన్

ఆర్జినిన్ మాయమవుతోంది, మీడియం క్షారమవుతోంది. ఈ రెండూ కలిపి ఒకే ప్రశ్న అడగొచ్చు: ఆర్జినిన్ ఏమైపోయింది? క్షీరదాల కణంలో ఆర్జినిన్ తరిగే దారులు కొన్నే. ఆర్జినేజ్ కోస్తే ఆర్నిథిన్, యూరియా వస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ కోస్తే సిట్రులిన్, నైట్రిక్ ఆక్సైడ్ వస్తాయి. ప్రొటీన్‌లో కట్టేస్తే అక్కడే ఉండిపోతుంది. ఏ దారిలో పోయిందో మిగిలిన వస్తువును బట్టి తెలుస్తుంది, పొయ్యిలో బూడిద చూసి ఏ కట్టె కాలిందో చెప్పినట్టు.

ఖరీదైన యంత్రాలు లేకుండా రంగుల పరీక్షలతోనే చేశాం. యూరియా పెరగలేదు, కాబట్టి ఆర్జినేజ్ కాదు. నైట్రిక్ ఆక్సైడ్ వస్తే అది నైట్రైట్‌గా మీడియంలో మిగులుతుంది. గ్రీస్ పరీక్షలో గులాబీ రంగు రావాలి. రాలేదు. సిట్రులిన్ పరీక్షకు డయాసిటైల్ మోనాక్సిమ్ వేసి ఆమ్లంలో మరిగించాలి. ఇక్కడొక చిక్కు: యూరియా కూడా అదే రంగు ఇస్తుంది, అందుకని ముందుగా యూరియేజ్ వేసి యూరియాను తీసేయాలి. చాలామంది ఆ మెట్టు దాటేస్తారు. తీసేశాక కూడా వైరస్ వెల్‌ల మీడియంలో రంగు గట్టిగా వచ్చింది. ఉత్త వెల్‌లలో లేదు. వేరుగా తీసి ఉంచిన మీడియంలో అమోనియా చూస్తే అదీ వైరస్ వైపే ఎక్కువ.

సిట్రులిన్ వచ్చింది, నైట్రిక్ ఆక్సైడ్ రాలేదు, అమోనియా వచ్చింది. ఈ మూడూ పక్కపక్కన బోర్డు మీద రాసి కూర్చున్నాం. ఆర్జినిన్‌ను సిట్రులిన్, అమోనియాగా కోసే ఎంజైమ్ ఒకటుంది: ఆర్జినిన్ డీఇమినేజ్. హ్యామ్‌స్టర్ కణంలో అది లేదు. మనిషి కణంలోనూ లేదు. నీలి నాలుక వైరస్‌కు ఉన్నవి పది ముక్కల ఆర్‌ఎన్ఏ, వాటి నుంచి వచ్చే కొద్దిపాటి ప్రొటీన్లు, అందులోనూ లేదు. వెల్‌లో ఉన్నాయని మేము అనుకున్న రెండు జీవుల్లో ఏ ఒక్కదానికీ లేని ఎంజైమ్ అక్కడ పనిచేస్తోంది.

"మేడమ్... మూడోది ఉండాది," అంది అమ్మాయి మెల్లగా.

మైకోప్లాస్మా

కణాలు పెంచేవాళ్ళకు ఈ పేరు వింటే చలి పుడుతుంది. మైకోప్లాస్మా అతి చిన్న బ్యాక్టీరియా. కణ గోడ ఉండదు, కొవ్వు పొర ఒక్కటే. గోడ లేదు కాబట్టి మీడియంలో అందరం వేసే పెనిసిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. మెత్తగా ఉండి, మనం నమ్ముకునే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా జారిపోతుంది. మామూలు బ్యాక్టీరియా పడితే మరునాటికి మీడియం మజ్జిగలా చెడిపోతుంది, అందరికీ తెలిసిపోతుంది. మైకోప్లాస్మా మిల్లీలీటరుకు కోట్ల సంఖ్యలో ఉన్నా మీడియం తేటగానే ఉంటుంది. కణాలు చావవు, పెరుగుతూనే ఉంటాయి. 1956లోనే దీన్ని కణాల కల్చర్‌లో గుర్తించారు, అయినా వివిధ దేశాల సర్వేల్లో 15 నుంచి 35 శాతం కల్చర్లలో ఇది దొరుకుతూనే ఉంది.

దీనిలో కొన్ని జాతులు చక్కెర మీద బతుకుతాయి. కొన్నిటికి ఆర్జినినే కూడు. డీఇమినేజ్‌తో మొదలయ్యే దారిలో ఒక్కో ఆర్జినిన్ నుంచి ఒక్క ఏటీపీ సంపాదించుకుంటాయి. ఆ బతుకు అంత ఇరుకైనది కాబట్టే అన్ని ఆర్జినిన్‌లు తింటాయి. మా మీడియంలో లీటరుకు ఆర్జినిన్ హైడ్రోక్లోరైడ్ ఉండేది 84 మిల్లీగ్రాములు. దాన్ని ఖాళీ చేయడం వాటికి పెద్ద పని కాదు.

ఆ సాయంత్రమే కణాలను గాజు పలక మీద పెంచి, డాపి రంగు వేసి ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శినిలో పెట్టాం. డాపి డీఎన్ఏకు అంటుకుని నీలంగా వెలుగుతుంది. శుభ్రమైన కణాల్లో నల్లటి తెర మీద కోడిగుడ్డు ఆకారంలో కేంద్రకాలు మాత్రమే కనిపించాలి. కొత్తగా తెరిచిన వయల్ కణాలు సరిగ్గా అలాగే ఉన్నాయి. తర్వాత, మా వైరస్ స్టాక్ వేసిన కణాలు. అమ్మాయి ఫోకస్ తిప్పుతోంది. కేంద్రకాలు స్పష్టమయ్యాయి. ఇంకాస్త తిప్పేసరికి వాటి చుట్టూ, కణం పొర అంచుల వెంట, సన్నసన్నటి నీలి చుక్కలు వెలిగాయి, ముగ్గు వేసిన చోట చుట్టూ పిండి రాలినట్టు. ఏ కణాన్ని చూసినా అంతే. నీలి నాలుక వైరస్‌లో ఉండేది ఆర్‌ఎన్ఏ, అదీ ఈ సూక్ష్మదర్శినిలో చుక్కలుగా కనపడేంత పెద్దది కాదు. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మరుసటి రోజు పీసీఆర్, అంటే వెతుకుతున్న డీఎన్ఏ ముక్క ఉంటే దాన్ని ఎన్నో రెట్లు పెంచి చూపే పరీక్ష. బ్యాక్టీరియాల్లో ఉండే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్ఏ జన్యువు మీద ప్రైమర్లతో వైరస్ స్టాక్‌లో బ్యాండ్ వెలిగింది. ఆ బ్యాండ్‌ను చెన్నై పంపి సీక్వెన్స్ చదివిస్తే మైకోప్లాస్మా ఒరాలే అని వచ్చింది. మనిషి నోట్లో, గొంతులో ఉండేది. ఆర్జినిన్ తినేది.

ఇప్పుడు పాత ఫలితాలన్నీ మళ్ళీ చదివితే ఒక్కొక్కటీ దారికొచ్చింది. వైరస్ స్టాక్ అంటే సోకిన కణాలను పగలగొట్టి తీసిన ద్రవం, దానిలో మైకోప్లాస్మా కూడా ఉంది. ఉత్త వెల్‌లకు మేము వేసింది డబ్బాలోని కొత్త మీడియం, దానిలో లేదు. వైరస్ వేసినప్పుడల్లా మైకోప్లాస్మా కూడా వేశాం. అతినీలలోహిత కాంతికి రెండూ చచ్చాయి, అందుకే ప్రభావం పోయింది. స్టాక్‌ను పలచన చేసినా, రెండు రోజుల్లో మైకోప్లాస్మా మళ్ళీ పెరిగి ఆర్జినిన్ మొత్తం తినేసింది. ఆర్జినిన్ కలిపితే ఎంటార్ లేచింది, లేవకుండా ఎలా ఉంటుంది?

ఎక్కడి నుంచి వచ్చింది

వెనక్కి వెనక్కి వెళ్ళాం. పుస్తకంలో రాసిపెట్టుకున్నవి చూసి, ప్రతి పాసేజ్‌లో (కణాలను కొత్త ఫ్లాస్కులోకి మార్చిన ప్రతిసారీ) దాచిన వయల్ తీసి పీసీఆర్ చేశాం. మా మొదటి కణాల బ్యాంకు శుభ్రం. వైరస్ మొదటి స్టాక్ శుభ్రం. రెండో స్టాక్‌లో ఉంది. ఆ రెండో స్టాక్ చేసిన వారం మా లిక్విడ్ నైట్రోజన్ రావడం ఆలస్యమై, కొత్త వయల్ తెరవలేక, తెలిసిన ఒక ల్యాబు నుంచి పెరుగుతున్న కణాల ఫ్లాస్క్ ఒకటి తెచ్చుకున్నాం. స్నేహంతో ఇచ్చారు. ఆ కణాల్లో ఉందని వాళ్ళకూ తెలియదు. బయటి కణాలను వేరే ఇన్‌క్యుబేటర్‌లో పెట్టి, పరీక్షించి, ఆ తర్వాతే వాడాలన్న నియమం మా గోడ మీద అంటించి ఉంది. ఆ వారం పక్కన పెట్టమన్నది నేనే. తప్పు నాది. వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను, వాళ్ళూ తమ ఫ్లాస్కులు పరీక్షించుకున్నారు.

వైద్యం

కణాల విషయంలో ఆలోచించలేదు. తెరిచి ఉన్న ఫ్లాస్కులన్నీ బ్లీచ్ పోసి ఆటోక్లేవ్ చేశాం. ఇన్‌క్యుబేటర్ ట్రేలు, నీటి తొట్టి, హుడ్ అన్నీ కడిగాం. తెరిచిన మీడియం, సీరం సీసాలు పారబోశాం. ఆ సీరం ధర తెలిసినవాళ్ళకు అది ఎంత కష్టమో తెలుసు. మైకోప్లాస్మాను చంపే యాంటిబయోటిక్‌లు ఉన్నాయి. వేరే దారి లేని అరుదైన కణాలకైతే వాడుకోవచ్చు. సంకేతాల మీద పనిచేసే కణాలకు మాత్రం నేను వాడను: మందు తన గుర్తు తాను వదులుతుంది. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం ఎన్‌సీసీఎస్ నుంచి కొత్త బీహెచ్‌కే-21 తెప్పించుకున్నాం, మా పాత శుభ్రమైన బ్యాంకును కూడా పక్కపక్కన పెంచాం.

వైరస్‌ను పారేయలేం. అది ఆ మంద నుంచి వచ్చిన ఒకే ఒక్కటి. మొదటి స్టాక్ శుభ్రంగా ఉన్నా ఒక్క వయలే మిగిలింది, దాన్ని కదపడానికి మనసు రాలేదు. ఇక్కడ నీలి నాలుక వైరస్ స్వభావమే కలిసొచ్చింది. దాని బయట కొవ్వు పొర లేదు, ప్రొటీన్ చిప్పలే. మైకోప్లాస్మాకు ఉన్నదల్లా కొవ్వు పొరే. క్లోరోఫామ్ కలిపి బాగా కుదిపితే ఒకటి కరిగిపోతుంది, ఒకటి నిలబడుతుంది. స్టాక్‌కు క్లోరోఫామ్ కలిపి, కుదిపి, తిప్పి, పైన తేలిన నీటి భాగాన్ని తీసి, మిగిలిన క్లోరోఫామ్‌ను హుడ్‌లో ఎగరనిచ్చాం. వైరస్ బలం కొంత తగ్గింది, అది ఊహించిందే. దాన్ని శుభ్రమైన కణాల మీద ప్లాక్‌లుగా (వైరస్ కణాలను చంపిన చోట ఏర్పడే ఖాళీ మచ్చలుగా) పెంచి, విడిగా ఉన్న ఒక్క ప్లాక్ ఎంచుకుని, మళ్ళీ అలాగే ఇంకోసారి. పొర ఉన్న వైరస్‌లకు, ఉదాహరణకు డెంగీకి, ఈ పద్ధతి పనికిరాదు. వైరస్ కూడా కరిగిపోతుంది.

అదే సమయంలో, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర దాచిన అసలు గొర్రె రక్తం గుర్తొచ్చింది. ఈ వైరస్ ఎర్ర రక్తకణాలను అంటిపెట్టుకుని 4 డిగ్రీల దగ్గర ఏళ్ళ తరబడి బతుకుతుంది. పశువైద్య మిత్రులు ఆ రక్తకణాలను కడిగి, పగలగొట్టి, పొదుగుతున్న కోడిగుడ్ల రక్తనాళంలోకి ఎక్కించారు. అక్కడి నుంచి దోమ కణాల్లోకి, దోమ కణాల నుంచి మా కొత్త బీహెచ్‌కేలోకి. రెండు దారుల్లో రెండు స్టాకులు చేతికొచ్చాయి. పీసీఆర్ రెండింటిలోనూ ఖాళీ. రెండు వారాలు పెంచి మళ్ళీ చేశాం, ఖాళీ. డాపి వేస్తే కేంద్రకాలు, చుట్టూ నలుపు.

మళ్ళీ చేస్తే

ఈసారి ఉత్త వెల్‌లకు డబ్బా మీడియం వేయలేదు. వైరస్ సోకని కణాలను స్టాక్ చేసినట్టే పెంచి, పగలగొట్టి, తిప్పి, వడకట్టిన ద్రవం వేశాం. వైరస్ ఒక్కటి తప్ప మిగతా అన్నీ ఒకేలా ఉండాలి. ఆ ద్రవం మొదటి రోజు నుంచి వాడి ఉంటే ఈ కేసే లేదు.

36 గంటల దగ్గర ఎస్6 కైనేజ్ బ్యాండ్ రెండు వైపులా ఒకేలా ఉంది. 48 గంటలకు వైరస్ వైపు కొంచెం తగ్గింది. మూడు ప్రయోగాల్లోనూ తగ్గింది, కానీ మాయం కాలేదు. వైరస్ పలచన చేసినకొద్దీ ఆ తగ్గుదల కూడా పలచబడింది. ఆర్జినిన్ కలిపినా తిరిగి రాలేదు. సిట్రులిన్ లేదు. ఏఎంపీకే మాత్రం పెరుగుతూనే ఉంది, రెండు స్టాకుల్లోనూ. అంటే ఏఎంపీకే వైరస్ పని. ఎంటార్‌లో ఆ చివరి చిన్న తగ్గుదల ఏఎంపీకే వల్లనే కావచ్చు. ఏఎంపీకే మేలుకుంటే ఎంటార్‌ను నొక్కుతుందన్నది చాలాకాలంగా తెలిసిందే. అది పరీక్షించాల్సిన విషయం, ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాం.

పోస్టర్ వెనక్కి తీసుకుంటున్నామని, కారణం మైకోప్లాస్మా అని సమావేశం వాళ్ళకు ఉత్తరం రాశాను. ఆ అమ్మాయి ఆ రోజు ల్యాబుకు రాలేదు. వాళ్ళ అమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. మీ అమ్మాయి చూడబట్టే తప్పు కాగితం మీదికి ఎక్కలేదమ్మా అని చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో గానీ, మరుసటి రోజు పొద్దున ఏడింటికి, శేషాచలం మీద ఎండ పడుతుండగా, అమ్మాయి ల్యాబు తాళం తీస్తోంది.

ఇప్పుడు మా దగ్గర ప్రతి నెల మొదటి సోమవారం అన్ని కణాలకూ, అన్ని వైరస్ స్టాకులకూ మైకోప్లాస్మా పీసీఆర్ ఉంటుంది. బయటి కణాలు ఎవరి దగ్గర నుంచి వచ్చినా రెండు వారాలు వేరే ఇన్‌క్యుబేటర్‌లోనే. హుడ్ దగ్గర మాస్కు లేకుండా ఎవరూ మాట్లాడకూడదు, నేను కూడా. మీడియం పీల్చి పారేసే ముందు ప్లేటును తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో తీయాలి.

ఆ ఫోటోలను అమ్మాయి తన నోట్‌బుక్‌లో ప్రతి బ్లాట్ పక్కన అంటిస్తోంది. నిన్నటి పేజీలో 48 గంటల ప్లేటు ఉంది. వంద రెట్లు పలచన చేసిన వెల్ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన రాసుకుంది: కణాలు నిండుగా, మీడియం పసుపు.